బూరెకి పెట్టిన లంఖణం

మార్గశిరం వచ్చింది. బూరె ఇప్పుడు తనంతట తానే తింటోంది. వెనక కాలు ఒకటి కొంచెం ఈడుస్తుంది, పోయిన ఒళ్ళు ఇంకా పూర్తిగా రాలేదు. కానీ వంటింట్లో తోటకూర కట్ట విప్పిన చప్పుడు వినపడితే చాలు, పెట్టెలోంచి ఈల వేసినట్టు అరుస్తుంది. ఆ అరుపు మా ఇంట్లో వినపడకుండా పోయిన రోజుల గురించి రాయాలని కూర్చున్నాను. రాస్తే మనసు కొంత కుదుటపడుతుందని ఆశ. ఇలాంటి చిన్న ప్రాణిని పెంచుకునేవాళ్ళు ఎవరైనా చదివితే, నేను చేసిన పని చేయకుండా ఉంటారని ఇంకొక ఆశ.

బూరె మా అమ్మాయి పైడి పెంచుకుంటున్న సీమ ఎలుక, ఇంగ్లీషులో గినీ పిగ్ అంటారు. ఇంతోటి ఎలుక జబ్బు గురించి ఇన్ని కాగితాలు ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. జబ్బు ముదరడానికి అది కూడా ఒక కారణం.

వైశాఖం

మాది నౌపడ. నేను ఒక ఉప్పు వ్యాపారి దగ్గర గుమాస్తాని. మడుల్లోంచి కొఠారుకి, కొఠారు నుంచి రైలు వ్యాగన్లకి వెళ్ళే బస్తాల లెక్క చూడడం నా పని. ఈ ఏడు, అంటే అరవై ఎనిమిదిలో, ఎండలకి ఉప్పు బాగా పండింది. ఊపిరి సలపని పని. ఆ రోజుల్లోనే నా బావమరిది సత్యం ఒక వెదురు బుట్ట పట్టుకుని రైలు దిగాడు. వాడు విజయనగరంలో ఒక కాలేజీలో, జంతువుల గురించి పాఠాలు చెప్పే విభాగంలో పనిచేస్తాడు.

బుట్టలో గోధుమరంగు బొచ్చు ముద్ద ఒకటి కదులుతోంది. మా అమ్మ వంగి చూసింది.

"ఇదేటిరా సత్యం, తోక లేని ఎలక?"

"సీమ ఎలక, అత్తా. కాలేజీలో కుర్రోళ్ళు కోసి సదువుకోడానికి పెంచుతారు. ఈయేడు ఒకటి మిగిలిపోయింది."

"ఓలమ్మో! ఇంట్లో ఉన్న ఎలకల్ని పట్టలేక మీ అక్క రోజూ బోనెట్టుకుని సస్తంటే, నువ్వు రైల్లో ఇంకోటి ఎక్కించుకొచ్చేవా?"

పైడి అప్పటికే దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. పిల్లకి పదో ఏడు. "బూరెలాగున్నాది" అంది. పేరు అలా వచ్చింది.

సత్యం వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచాడు. "బావా, దీనికి జబ్బు సేస్తే ఈ సుట్టుపట్ల సూసినోడు లేడు. టెక్కలి పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళాల. రైలు సార్జీ అవుతాది, బయట కొనాల్సిన మందులేవో అవుతాయి. అప్పటికప్పుడు ఎతుక్కోకండి. కొంచెం కొంచెం ఏసి ఉంచండి."

నా భార్య నరసమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. మనుషుల జబ్బులకే ముందుగా డబ్బు తీసిపెట్టే అలవాటు మా ఇంట్లో లేదు. అయినా ఆమె ఖాళీ అయిన టీ పొడి డబ్బా ఒకటి కడిగి గూట్లో పెట్టింది. వారం వారం సంత అయ్యాక మిగిలిన చిల్లరలోంచి ఒక పావలా పైడి చేతికిచ్చేది. పైడి అది డబ్బాలో వేసి, మూత పెట్టి, ఒకసారి ఊపి, మోత విని దించేది. చుట్టాలు వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టిన చిల్లర కూడా పిల్ల అందులోనే వేసింది. ఇంట్లో అది బూరె డబ్బా అయింది.

శ్రావణం

వానలు పడితే ఉప్పు మడుల్లో పని ఆగిపోతుంది. కూలీలు నాట్లకి పోతారు. గుమాస్తాలం సగం జీతానికి కొఠారు వరండాలో కూర్చుని, కప్పు కారకుండా చూస్తూ పేకాడుకుంటాం. అంతకు ముందు ఏళ్ళలో ఆడేవాణ్ణి కాదని చెప్పను. ఈ ఏడు ఎక్కువ ఆడాను.

మొదట డబ్బాలోంచి ఒక రూపాయికి సరిపడా చిల్లర తీశాను. తిరిగి వేసేద్దామనే తీశాను. గెలిచిన రోజు వేయడం మరిచాను, ఓడిన రోజు మళ్ళీ తీశాను. భాద్రపదంలో వినాయక చవితి నాటికి డబ్బాలో రెండు నాణేలు మిగిలాయి. పైడి ఊపినప్పుడు మోత రావాలి కాబట్టి ఆ రెండింటినీ ముట్టుకోలేదు. అంత ఆలోచన చేయగలిగిన వాణ్ణి, ఆ పని మానే ఆలోచన చేయలేకపోయాను.

చవితి రోజు మా అమ్మ బూరె ముందు గరిక పోచలు పెట్టి, "వాహనం గారూ, ఆరగించండి" అంది. అందరం నవ్వాం. బూరె గరికంతా తినేసింది. అప్పటికి దానికి ఏ జబ్బూ లేదు.

భాద్రపదం చివర

ముసురు పట్టింది. ఆకుకూరలు నీళ్ళోడుతూ వచ్చేవి, వాటినే పెట్టేవాళ్ళం. ఒక పొద్దున్న పైడి కొఠారుకి బయలుదేరుతున్న నన్ను గుమ్మంలో ఆపింది.

"నాన్నా, బూరెకి కడుపు సెడింది. పల్చగా ఎల్తంది. అరవట్లేదు కూడా."

వెళ్ళి చూశాను. పెట్టె మూల బొచ్చు నిక్కబొడుచుకుని కూర్చుంది. ముట్టుకుంటే కదిలింది గానీ పరుగెత్తలేదు.

"డబ్బా తీసుకుని ఆసుపత్రికి ఎల్దాం. సత్యం మావ సెప్పేడు కదా" అంది పైడి.

డబ్బా అన్న మాట వినగానే నా నోట్లోంచి వచ్చిన జవాబు ఇది: "కడుపు సెడితే ఆసుపత్రి ఎందుకమ్మా? లంకణం పెట్టాల. రెండ్రోజులు ఖాళీగా ఉంచితే అదే సర్దుకుంటాది."

ఆ మాటకి మా ఇంట్లో ఎంత బరువుందో చెప్పాలి. రెండేళ్ళ కిందట పైడికి విషజ్వరం వచ్చింది. డాక్టరు మందులిచ్చి, జ్వరం దిగేదాకా అన్నం ముట్టనివ్వొద్దన్నాడు. పిల్ల అన్నం కోసం ఏడుస్తుంటే వంటింటి గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నది నేనే. జ్వరం దిగి, పాతబియ్యం అన్నంలో బీరకాయ కూర కలిపి పథ్యం పెట్టిన రోజున మా అమ్మ వీధంతా తిరిగి చెప్పింది, మా వోడు లంకణం పెట్టి బిడ్డని బతికించుకున్నాడని. అప్పట్నుంచి ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా, ఎంతకాలం పస్తుండాలో, ఎప్పుడు పథ్యం పెట్టాలో నేనే చెప్పాలి. సీమ ఎలుక కడుపు గురించి నాకు ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

పైడి నా మాట అక్షరాలా పాటించింది. పెట్టెలో పరిచిన ఎండుగడ్డి కూడా తిండే కదా అని, పోచ పోచా ఏరి తీసేసి పాత గుడ్డ పరిచింది. మర్నాడు పొద్దున్న బూరె మెల్లగా మెడ చాచి, పెట్టె సందులో ఇరుక్కున్న ఒక పోచ అందుకోబోయింది. పైడి నావైపు చూసింది.

"ఇదొక్కటీ తింటే తప్పా, నాన్నా?"

"లంకణం అంటే లంకణమే" అన్నాను.

పిల్ల ఆ పోచ లాగేసింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది అదే. డబ్బా సంగతి కూడా దాని తర్వాతే.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ మొదలైంది. "మనిషికీ దానికీ ఒకటే వైద్దమేటి?" అని నరసమ్మ అడిగింది.

"ఏ పేణానికైనా కడుపు కడుపే" అంది మా అమ్మ. "మద్దెలో పెడితే తిరగబెడతాది. మొన్న నీ కూతురికి పెట్టినప్పుడూ నువ్విలాగే ఏడిసేవు."

"నా కూతురు నోరు తెరిసి అడిగింది. ఇది అడగలేదు కదా."

ఇద్దరూ నావైపు చూశారు. నేను తల తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాను. రెండు రోజులు గడిస్తే జీతంలో ఏదో కొంత ముందుగా అడిగి డబ్బా నింపవచ్చని లెక్క వేసుకుంటున్నాను. అంతలో దానికి నయమైతే ఆ అవసరమూ ఉండదు.

ఆశ్వయుజం

మూడో నాటికి బూరె పక్కకి ఒరిగి పడుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నరసమ్మ దాని పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి లేచింది.

"సాలింక మీ లంకణం. డబ్బా తీసుకుని బయల్దేరండి, రైలుకి టైమవుతంది."

డబ్బాని తువ్వాల్లో చుట్టి, మోగకుండా చంకలో పెట్టుకున్నాను. బుట్ట పైడి పట్టుకుంది. పిల్లని స్టేషనుకి నడవమని, నేను మా తోటి గుమాస్తా అప్పలస్వామి ఇంటికి పోయాను. ఐదు రూపాయలు అడిగాను.

"ఏటయింది బావా, మొకమలాగుంది? ఎవరికి జబ్బు?"

ఎలుకకి అనడానికి నోరు రాలేదు. వరండాలో అది ఎన్ని రోజుల నవ్వు అవుతుందో నాకు తెలుసు. "పిల్లకి" అన్నాను.

అతను మారు మాట లేకుండా డబ్బులు తెచ్చి చేతిలో పెట్టాడు. "ముందెల్లు. మిగతాది తరవాత సూసుకుందాం" అన్నాడు.

టెక్కలికి చిన్న రైల్లో వెళ్ళాం. ఒకటే స్టేషను. ఆ దారంతా పైడి బుట్ట మూత తీయడం, లోపల చెయ్యి పెట్టడం, మళ్ళీ మూయడం. నేను కిటికీలోంచి నీళ్ళు నిండిన పొలాలు చూస్తూ, పిల్ల ఏదో ఒకటి అంటే బాగుండును అనుకున్నాను.

పశువుల ఆసుపత్రికి గది ఒకటే. రోగులుండేది బయట, రేకుల పంచ కింద. ఎద్దుల్ని కదలకుండా బిగించే దుంగల చట్రం మధ్యలో ఉంది. దాని చుట్టూ రెండు గేదెలు, కుంటుతున్న ఒక ఎద్దు, మేకలు. మేం వాటి మధ్య బుట్ట పెట్టుకుని నిలబడ్డాం. ఎద్దుని తెచ్చిన ముసలాయన బుట్టలోకి తొంగిచూశాడు.

"కోడిపిల్లలా బాబూ?"

"ఎలక" అన్నాను.

"ఎలకా? ఎలకలకి కూడా డాకటేరా? మా గాదె నిండా ఉన్నాయి బాబూ, బండి కట్టి తోలీమంటారేటి?" అందరూ నవ్వారు.

పైడి తల పైకెత్తి, "ఇది మూడ్రోజుల్నుంచి తిన్లేదు, తాతా" అంది.

ముసలాయన నవ్వు ఆగింది. ఇంకోసారి వంగి చూశాడు. తన వంతు వచ్చినప్పుడు ఎద్దు తాడు వెనక్కి లాగి, "నా ఎద్దు ఇంకాసేపు నిలబడగలదు. అది నిలబడలేదు. ముందు మీరు ఎల్లండమ్మా" అన్నాడు.

డాక్టరు కుర్రవాడే, వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చాడు. బూరెని బల్ల మీద పెట్టి, పొట్ట మీద చెవి ఆనించి విన్నాడు. ఇటువైపు, అటువైపు. చాలాసేపు విన్నాడు.

"తినడం అదే మానేసిందా, మీరు పెట్టలేదా?"

నేను తడబడుతుంటే పైడి జవాబు చెప్పింది. "మా నాన్న లంకణం పెట్టేరండి. నాకు జొరమొచ్చినప్పుడూ అలగే పెట్టేరు. నాను బతికేను కదండి." చెప్తూ నా చెయ్యి పట్టుకుంది.

డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. అంత తేలిగ్గా వదిలేస్తాడని నేను అనుకోలేదు. పిల్లతోనే మాట్లాడాడు. "మనిషి కడుపు ఖాళీగా ఉంటే ఓర్చుకుంటుందమ్మా. దీని కడుపు అలా కాదు. పగలూ రాత్రీ ఏదో ఒకటి లోపలికి వెళ్తూ ఉండాలి. వెళ్ళకపోతే పేగులు కదలడం మానేస్తాయి. ఇప్పుడు అదే జరిగింది. కడుపు చెడినందుకు కాదు, పస్తు వల్ల ఇలా అయింది." తర్వాత నావైపు తిరిగాడు. "నేను చదువుకునేటప్పుడు వీటిని చూశానే గానీ వైద్యం ఎప్పుడూ చేయలేదు. బతుకుతుందని మాట ఇవ్వలేను."

చేయాల్సింది చెప్పాడు. గరిక, కొత్తిమీర మెత్తగా నూరి, తవుడు నీళ్ళలో కలిపి, వడకట్టి, సిరా పోసుకునే ఫిల్లరుతో చుక్క చుక్కగా నోటి పక్కనుంచి పోయాలి. దొరికితే ఉసిరికాయ రసం. పొట్ట మీద వేలితో మెల్లగా రాయాలి. వెచ్చగా ఉంచాలి. ఒక పొడి పొట్లం కట్టి ఇచ్చాడు.

"ఎంతండీ?" అన్నాను.

"ఇక్కడ డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఫిల్లరు మాత్రం బజార్లో కొనుక్కోండి."

రైలు చార్జీలు, ఫిల్లరు కలిపినా రెండు రూపాయలు కాలేదు.

ఆ వారం గురించి రాయడానికి ఎక్కువ లేదు. నరసమ్మ నూరేది, పైడి ఒళ్ళో పెట్టుకునేది, నేను ఫిల్లరు పట్టేవాణ్ణి. సగం బయటికి కారేది. మా అమ్మ దూరంగా కూర్చుని, "నానేటి కావాలని సెప్పేనా" అని ఎవరూ అడగకుండానే అనుకునేది. ఒక రోజు మాత్రం తన ఉన్ని శాలువా తెచ్చి పెట్టె మీద కప్పింది. బూరె బతికి ఉందా లేదా అని పొద్దున్నే మొదట చూసేది నేనే. పైడి లేచేలోగా చూడాలని.

బూరె ఇంకా తినడం మొదలుపెట్టకముందే ఒక మధ్యాహ్నం అప్పలస్వామి వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచీ. గుమ్మంలోంచే, "పిల్లకెలాగున్నాది అక్కా?" అన్నాడు.

పైడి ఎదురుగా వాకిట్లో గచ్చకాయలాడుతోంది. "నాకేటయింది మావా?" అంది.

అతను నావైపు చూశాడు. మా అమ్మకి ముందు అర్థమైంది. "బంగారమంటి బిడ్డ మీద లేని జబ్బు పెడతావేట్రా? నోరెలా వచ్చిందిరా నీకు?" అని లేచి, పైడిని దగ్గరికి లాక్కుని దిష్టి తీయడానికి ఉప్పు తెచ్చింది.

ఆ జబ్బు పేరు చెప్పి డబ్బు అడిగానని నరసమ్మకి అర్థమైంది. "ఈయన దగ్గర అప్పెందుకు తెచ్చేరు? డబ్బా ఏటయింది?"

అప్పలస్వామి ఎదుటే అంతా చెప్పాను. పేక గురించి, మోత కోసం ఉంచిన రెండు నాణేల గురించి, ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున లంఖణం అని ఎందుకన్నానో దాని గురించి. గొంతు మామూలుగానే ఉంది. అతను తల వంచుకుని, "బత్తాయిలు ఉంచండి అక్కా, ఎవరికైనా పనికొస్తాయి" అని సంచీ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నరసమ్మ రోలు దగ్గరికి పోయి గరిక నూరడం మొదలుపెట్టింది. పైడి గచ్చకాయలు ఏరుకుని లోపలికి పోయింది. ఆ పూట నుంచి ఫిల్లరు నా చేతికివ్వలేదు.

కార్తీకం

ఉసిరికాయలు వచ్చాయి. రసం రెండు చుక్కలు నీళ్ళలో కలిపి పోస్తే బూరె నాలుక బయటపెట్టి నాకింది. అది మొదటి గుర్తు. తర్వాత పెట్టె మూల నల్లటి చిన్న గుళికలు రెండు కనపడ్డాయి. పేగు కదిలిందన్నమాట. నరసమ్మ వాటిని అరచేతిలో పెట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చి నాకు చూపించింది. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట, "సూడండి" అన్నది.

ఒక ఆదివారం నేను గరిక నూరుతున్నాను. ఆ పనికి పైడి అభ్యంతరం చెప్పడం లేదు. బూరెని ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నాకు జొరమొచ్చినప్పుడు అన్నం పెట్టలేదు కదా. అప్పుడు కూడా డబ్బుల్లేకేనా?"

"కాదమ్మా. అప్పుడు డాక్టరు సెప్పేడు. మందులన్నీ కొన్నాం."

పైడి నా ముఖం చూసింది. తర్వాత పెరట్లోకి తిరిగి, "అమ్మా, నాన్న సెప్పింది నిజమేనా?" అని కేకేసింది.

నరసమ్మ తడి చేతులతో వచ్చింది. ఏమడుగుతోందో విని, "నిజమే. ఆ మందులకే మీ నాన్న సైకిలు అమ్మేసేరు" అంది.

ఆ సంగతి పైడికి ఎవరూ చెప్పలేదు. పిల్ల బూరె మూతికి అంటిన పసరు వేలితో తుడిచింది.

"మరి బూరెకి ఏదీ అమ్మలేదేటి?"

అమ్మక్కర్లేకపోయిందని, రెండు రూపాయలు చాలేవని, అవి ఎవరినడిగినా దొరికేవని చెప్పవచ్చు. అన్నీ నిజాలే. పిల్ల అడిగింది వాటి గురించి కాదని నాకు అర్థమైంది.

"ఎలకే కదా అనుకున్నానమ్మా" అన్నాను.

"ఎలకేటి నాన్నా," అంది పైడి, నాకే ఏదో తెలియనట్టు. "బూరె."

అని, ఒక చేత్తో దాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఫిల్లరు నావైపు చాచింది.